శ్రీనగర్‌లో మంచు, మా బావ కుడికాలు

మా అక్క భర్త, నేను కలిసి చాలా ఏళ్లు ఒకే లారీ నడిపాం. సత్తెనపల్లి పక్క పల్లెలో పెరిగిన మాకు చలంటే, పొద్దున్నే కల్లంలో మిరపకాయల మీద కప్పిన పట్టా తడిగా తగలడం, అంతే. మేం దూదేకులవాళ్లం. ఇంట్లో నమాజు తప్ప మిగతా అంతా తెలుగే. రోడ్ల మీద తిరిగి తిరిగి బావకి ఉర్దూ కొంత పట్టుబడింది. అందుకే ఉత్తరాది లోడ్లు ఎక్కువగా మాకే వచ్చేవి.

రెండువేల సంవత్సరం దాటాక ఒక చలికాలం గుంటూరు నుంచి శ్రీనగర్‌కి మిరపకాయల లోడు పడింది. వెళ్లేటప్పుడు ఎండ బాగానే కాసింది. గోడౌన్‌లో సరుకు దించి క్యాబిన్‌లో పడుకున్నాం. తెల్లారి లేచి తలుపు నెడితే కదల్లేదు.

"బావా, తలుపు పట్టేసింది."

బావ అద్దం మీద ఆవిరి తుడిచి బయటికి చూశాడు. "పట్టెయ్యలా. మంచు అడ్డం పడింది," అన్నాడు.

ఇద్దరం భుజాలు ఆనించి నెట్టి తలుపు తెరిచాం. వీధి లేదు, కాలవ లేదు, గోడలు సగమే ఉన్నాయి. అంత పెద్ద ఊళ్లో చప్పుడన్నదే లేదు. నాకు భయం వేసింది.

రోడ్డు మీద మంచు తోసేశాక, బండిని లారీల స్టాండు దాకా తీసుకెళ్లాల్సి వచ్చింది. నేనే స్టీరింగు పట్టాను. లోడుంటే టైర్లు నేలని పట్టుకుంటాయి. ఖాళీ బండి అలా కాదు. వంతెన దిగుతుంటే బ్రేకు తొక్కాను. చక్రాలు ఆగాయి గానీ లారీ ఆగలేదు. వెనకభాగం దానంతట అదే పక్కకి తిరగసాగింది.

"బ్రేకు వదిలెయ్. గేరు దించు. దాన్నట్టా పోనీ," అన్నాడు బావ, అన్నం వడ్డించమన్నంత నెమ్మదిగా. లారీ రోడ్డు పక్కన తోసిపోసిన మంచుగుట్టకి ఆనుకుని ఆగింది.

కొండదారి మూసేశారు. రోజులు గడిచాయి. స్టాండు కాపలా ముసలాయన పొద్దున్నే ఉప్పు టీ తెచ్చేవాడు. అక్కడివాళ్లు అంగీ లోపల పెట్టుకునే నిప్పుల కుండ ఒకటి మాకూ ఇచ్చాడు. బావకి కాన్వాసు బూట్లే ఉన్నాయి. అవి తడవడమే తప్ప ఆరింది లేదు.

చివరికి దారి తెరిచారని కబురొచ్చింది. తీరా చూస్తే డీజిలు పేరుకున్న నెయ్యిలా ఉంది. అక్కడివాళ్లు చేసినట్టే బావ ట్యాంకు కింద గుడ్డలు వెలిగించి, మంట ఎక్కువ కాకుండా చూసుకుంటూ మంచులోనే నిలబడ్డాడు. పొద్దెక్కేదాకా కదల్లేదు.

"కాళ్లు ఆరబెట్టుకోరాదూ," అన్నాను.

"ఇందాక మండినయ్. ఇప్పుడేం లేదురా, హాయిగానే ఉంది."

హాయిగా ఉందంటే మంచిదే అనుకున్నాను. ఇంజను అందుకున్నాక బావ బండరాయి మీద కూర్చుని కుడికాలు మంట దగ్గర పెట్టాడు. కాసేపటికి రబ్బరు కాలిన వాసన వచ్చింది. ముసలాయన కేక వేసి బావ కాలు పట్టుకుని ఇవతలికి లాగాడు. బూటు అడుగు కరిగి కారుతోంది. బావ ఆ కాలు వేరెవరిదో అన్నట్టు చూస్తూ ఉండిపోయాడు. మేజోడు విప్పితే వేళ్లు కొవ్వొత్తి మైనంలా తెల్లగా, గట్టిగా ఉన్నాయి. అరికాలు కమిలిపోయింది. ముసలాయన ఉర్దూలో ఏదో అన్నాడు.

"ఏంటంటున్నాడు?" అనడిగాను.

"ఈ కాలికి ప్రాణం లేదంటున్నాడురా," అన్నాడు బావ.

ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. బ్రేకు జోలికి పోకుండా గేర్ల మీదే నడిపాను. దారిలో జవాన్లు ఆపారు గానీ కాలు చూసి ఏమీ అడక్కుండా పక్కకి తప్పుకున్నారు. వేళ్లు నల్లబడుతున్నాయి, ఆ నలుపు ఎక్కడిదాకా వస్తుందో తేలాలని డాక్టరు ఆగమన్నాడు. అది తేలాక కుడికాలి వేళ్లన్నీ తీసేశారు. బావ కుంటుకుంటూ టెలిఫోన్ బూత్‌కి వెళ్లి, "కాలికి చిన్న దెబ్బ తగిలింది, మానిపోతంది," అని మా అక్కకి చెప్పాడు.

తిరుగుదారిలో బావని సీటు వెనక బల్ల మీద పడుకోబెట్టాను. సొరంగం దాటాక లోయలో రెండు లారీలు తల్లకిందులుగా కనిపించాయి.

"ఏం కనబడుతందిరా?" అన్నాడు.

"మంచే బావా," అన్నాను.

ఎండలు ముదిరేసరికి పుండు మానింది. ఒకరోజు వినుకొండ నుంచి పత్తి బోరాలు వేసుకుని వస్తుంటే, తను నడుపుతానని బావ స్టీరింగు ముందు కూర్చున్నాడు. కొంతదూరం బాగానే నడిపాడు. రైలు గేటు దగ్గర ముందు ట్రాక్టరు ఆగి ఉంది. మా లారీ దానికి జానెడు దూరంలో ఆగింది. ట్రాక్టరు తొట్టిలో మిరపకాయలు కోసి వస్తున్న ఆడవాళ్లున్నారు. వాళ్లు మా వైపు చూడనైనా లేదు.

బావ వంగి పెడలు మీదున్న తన కాలు చూసుకున్నాడు. "బ్రేకు తొక్కానో లేదో తెలియడం లేదురా," అన్నాడు.

గేటు తీశాక వెనక బళ్లవాళ్లు హారన్లు కొడుతున్నారు. బావ దిగి, లారీ ముందు నుంచి కుంటుతూ ఇవతలి వైపుకి వచ్చాడు. నేను జరిగి స్టీరింగు పట్టుకున్నాను.

తర్వాత బావ జిన్నింగు మిల్లులో కాటా దగ్గర పనికి కుదిరాడు. లారీకి ఇంకో డ్రైవరుని పెట్టుకున్నాను. మంచివాడే, తాగడు, తొందరపడడు. కానీ బండి అతనికి అప్పగించి వెనక బల్ల మీద పడుకుంటే ఎంతకీ నిద్ర పట్టేది కాదు.