కత్తెరక్క గురువారాలు

వీధిలో అందరికీ ఆవిడ కత్తెరక్క. బడిపిల్లల యూనిఫారాలు కుట్టడంలో చెయ్యి ఎంత చురుకో, నోరూ అంతే. గుండీ ఊడిందని మూడోసారి వచ్చినవాణ్ని, "గుండీ ఊడిందా, నీ పొట్ట పెరిగిందా?" అని మొహం మీదే అడిగేసేది. భర్త లారీ డ్రైవరు. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇంట్లో ఆవిడకు తోడు ఆడపడుచు. రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసే ఆ పిల్లను పదేళ్లప్పటి నుంచి కత్తెరక్కే పెంచింది.

ఇరవై నాలుగో ఏట ఆ పిల్లకు మాటలు వినపడసాగాయి. పై వాటావాళ్లు తన గురించే గుసగుసలాడుతున్నారంది. కిటికీలకు గుడ్డముక్కలు అడ్డం పెట్టింది. పనికి వెళ్లడం మానేసింది.

కత్తెరక్క మొదట నవ్వేసింది, తరవాత కసిరింది. చివరికి ఓ రోజు చెయ్యి పట్టుకుని మేడ మీదికి లాక్కెళ్లి, ఖాళీ వాటా చూపించింది.

"చూశావా? పిట్ట కూడా లేదు. ఇంకెప్పుడూ ఆ మాటెత్తకు!"

నిజంగానే ఎత్తలేదు. ఆ మాటే కాదు, పదకొండు రోజులపాటు వదినతో మరే మాటా మాట్లాడలేదు. కంచం గుమ్మం దగ్గర పెడితే పెట్టినట్టే ఉండేది.

కత్తెరక్క హడలిపోయి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు మందులు రాశారు. ఇంటివాళ్ల కోసం గురువారాలు క్లాసు ఉంటుందని నర్సు చెప్పింది.

"జబ్బు దానికైతే పాఠం నాకెందుకమ్మా?"

"రోజంతా పక్కన ఉండేది మీరే కదండీ."

ఆ వారం నుంచి గురువారం మూడింటికల్లా కొట్టు షట్టరు దించేసేది. ఎనిమిదితో చదువాపేసిన మనిషి, కొలతల పుస్తకం వెనకవైపు నుంచి పాఠాలు రాసుకునేది. అర్థం కానిది సిగ్గుపడకుండా మళ్లీ అడిగేది. ఆ గొంతులు పిల్లకు నిజంగానే వినపడతాయని, అది నటన కాదని, పెంపకంలో లోపం అంతకన్నా కాదని తెలిసిన రోజు నడిచే ఇంటికొచ్చింది. బస్సులో నలుగురి ముందూ ఏడవడం ఆవిడకు ఇష్టం లేదు.

తెలిసినంత మాత్రాన నోరు ఊరుకుంటుందా? "మళ్లీ మొదలెట్టావా!" అని రెండుసార్లు అనేసి నాలిక్కరుచుకుంది.

బళ్లు తెరిచే ముందు వారం, సాయంత్రం, కొట్టు నిండా జనం. ఆడపడుచు వణుకుతూ వచ్చింది.

"వదినా, నన్ను తిడుతున్నారు. నీకు వినపడట్లేదా?"

కత్తెరక్క మిషను ఆపింది.

"నాకు వినపడట్లేదు తల్లీ. నీకు వినపడుతున్నాయని మాత్రం తెలుసు. భయమేస్తోందా?"

"చాలా."

"నా పక్కన కూర్చో. ఏం చెయ్యమంటావు? మాట్లాడనా, ఊరుకోనా?"

"మిషను తొక్కు. ఆ చప్పుడుంటే కొంచెం నయం."

కొట్టు కట్టేసేదాకా తొక్కుతూనే ఉంది. నవ్వబోయిన ఒకాయన, ఆవిడ చూసిన చూపుకి కొలతలివ్వకుండానే జారుకున్నాడు. మర్నాడే ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరు మందు మోతాదు మార్చారు.

ఏడాదిన్నర పట్టింది. గొంతులు పూర్తిగా పోలేదు గాని సన్నగిల్లాయి. ఆడపడుచు ఇప్పుడు ఒక్కపూట ల్యాబ్‌కి వెళుతోంది.

మొన్న భర్త సెలవులో వస్తే ఆయన్నీ క్లాసుకు లాక్కెళ్లింది. కాసేపు కునికిపాట్లు పడ్డాడు. ఉన్నట్టుండి లేచి, "దూరాన ఉండేవాణ్ని. చెల్లెలితో ఫోన్లో ఏం మాట్లాడాలండీ?" అని అడిగాడు.

నర్సు నవ్వింది. "మీ ఆవిణ్ని అడగండి. మాకన్నా బాగా చెబుతారు."