యెరూషలేముకు వదిలిన మూరెడు

యెరూషలేముకు ఎంతో దూరాన, ద్రా లోయలో, ఖర్జూరపు తోటల అంచున ఉన్న ఆ మెల్లాలో, అంటే యూదుల పేటలో, ఇళ్ళు నలభై దాకా ఉండేవి. వాటన్నిటికీ గచ్చు పూసినవాడు మఖ్లూఫ్ ఒక్కడే. నిన్నటి పని ఎక్కడ ఆగిందో, ఇవాళ్టిది ఎక్కడ మొదలైందో ఆయన గోడల్లో ఎవరికీ తెలిసేది కాదు. అతుకు కనబడితే అది మేస్త్రీ పనే కాదనేవాడు. అయితే ఏ ఇంట్లోనైనా గుమ్మానికి ఎదురుగా మూరెడు పొడవు, మూరెడు వెడల్పు పూయకుండా మట్టి ఇటుకలు బయటికే వదిలేసేవాడు. యెరూషలేములో ఆలయం కూలిపోయాక యూదుడి ఇల్లు ఏదీ నిండుగా ఉండకూడదని పెద్దల మాట. కొత్తిల్లు కట్టుకున్న ఆడవాళ్ళు ఆ మూర దగ్గర సణిగేవారు. ఆలయం కూలింది నా ఇంట్లో కాదుగా అని ఒకామె అంటే, అక్కడ కూలింది కాబట్టే నీకిక్కడ ఇల్లు అన్నాడట.

ఆయనకు ఒక్కతే కూతురు, హనీనా. భార్య తొందరగా పోవడంతో పిల్లను పని చోటికే వెంటబెట్టుకుపోయేవాడు. ఆమె సున్నం జల్లించి ఇస్తే ఆయన పూసేవాడు. పద్దెనిమిదో ఏట జీనులు కుట్టే యాయిష్‌కిచ్చి పెళ్ళి చేసి, వాళ్ళ గది తనే పూసి ఇచ్చాడు. ఏడాది తిరిగేసరికి ఆ గదిలోనే ఆమెకు నొప్పులు వచ్చాయి. రెండు రోజులు వదల్లేదు. దూలానికి కట్టిన తాడు ఒక చేత్తో పట్టుకుని, ఓర్చుకోలేనప్పుడల్లా రెండో చేత్తో పక్క గోడను రక్కింది. బిడ్డ బతికింది, తల్లి పోయింది. బిడ్డకు మసూదా అని పేరు పెట్టారు, అదృష్టవంతురాలని.

గోడమీద గోళ్ళ గీతలు మిగిలాయి. ఆమె నుదురు ఆనించిన చోట చెమట మరక మిగిలింది. ఏడు రోజుల దుఃఖం ముగిశాక కూడా మఖ్లూఫ్ రోజూ ఏదో వంకన అల్లుడింటికి వెళ్ళి ఆ గోడ దగ్గర కూచునేవాడు.

చంటిపిల్ల ఇంటింటా పాలు తాగుతోంది. ఇలా ఎన్నాళ్ళని పొరుగూరి నుంచి తామో అనే పిల్లను యాయిష్‌కు చూశారు. మళ్ళీ పెళ్ళి చేసుకోమని అతనికి ముందుగా చెప్పింది మఖ్లూఫే. కానీ తామో తల్లి వచ్చి గది చూసి, పోయినదాని గోళ్ళ గీతల పక్కన తన కూతురు కాపురం చెయ్యదంది. గది మళ్ళీ పూయాలంది. ఆ ఊళ్ళో పూసేవాడు ఇంకెవరు?

యాయిష్ మామ ముఖంలోకి చూడలేక నేల చూస్తూ చెప్పాడు. "వేరే ఊరి మనిషిని పిలిపిస్తాను మామా. మీరు చెయ్యొద్దు."

"పరాయివాడు దానిమీద తాపీ పెడతాడా? నేనే చేస్తా," అన్నాడు మఖ్లూఫ్.

అన్నాడే గాని, కాళ్ళు ఆయన్ను మెల్లాకు మతగురువైన రిబ్బీ దావూద్ ఇంటికి తీసుకెళ్ళాయి. ఆ గోడమీద ఇంకో మూర వదలొచ్చా అని అడిగాడు. రిబ్బీ, జ్వరాలు వచ్చిన ఏడాది ఆరుగురు బిడ్డలను మట్టిచేసినవాడు.

"మనిషికో మూర వదులుకుంటూ పోతే నా ఇంటికి గోడలే ఉండవు మఖ్లూఫ్," అన్నాడు. "ఆ ఒక్క మూరలోనే అందరూ ఉన్నారు. నా ఆరుగురూ అందులోనే. నీ పిల్లా అందులోనే సర్దుకుంటుంది."

"ఆలయాన్ని నేను చూడలేదు రిబ్బీ. దీన్ని ఎత్తుకు తిరిగాను."

రిబ్బీ లేచి, ఆయన చెయ్యి పట్టుకుని వీధి మలుపు దాకా దిగబెట్టాడు.

మర్నాడు మఖ్లూఫ్ గది తలుపు దగ్గరగా వేసుకుని పని మొదలుపెట్టాడు. యాయిష్ బయట కూచుని గచ్చు కలిపి అందించాడు. గుమ్మం ఎదుటి మూర వదిలి, తక్కినదంతా, గీతలతో సహా, పూసేశాడు. ఒక్క రోజులో అయ్యే గదికి మూడు రోజులు పట్టింది.

పెళ్ళయిన నెలకు తామో పసిదాన్ని చంకనేసుకుని ఆయన ఇంటికి వచ్చింది. "మామా, ఆ చోటు ఎక్కడో ఒకసారి చూపించండి. తెలీక అక్కడ మేకు కొడతానేమో."

ఆయన వెంటనే లేచి వెళ్ళాడు. గోడమీద అరచెయ్యి పెట్టి ఇక్కడ అన్నాడు. కాదు, కాస్త పైన అన్నాడు. తాడు కట్టిన దూలం నుంచి జానలతో కొలిచాడు. దీపం తెప్పించి పక్కనుంచి వెలుతురు పట్టించి చూశాడు. గోడ మీగడ కట్టినట్టుంది. తన చేత్తో పూసిన గోడలో తన కూతురి చోటు ఆయనకే దొరకలేదు. పాతిపెట్టిన రోజున కూడా ఏడవని మనిషి, గోడకు ముఖం ఆనించి పైకే ఏడ్చాడు.

"పోనివ్వండి మామా," అంది తామో. "ఆ గోడకు అసలు మేకే కొట్టను."

కొట్టలేదు కూడా. ఆ తర్వాత మఖ్లూఫ్ పనికి వెళ్తూనే ఉన్నాడు గాని, ఆయన గోడల్లో అతుకులు కనబడసాగాయి. వయసు మీదపడిందని జనం అనుకున్నారు.

మసూదాకు పదో ఏడు నడుస్తుండగా, యూదులను యెరూషలేమున్న దేశానికి తరలించే లారీలు వచ్చాయి. మెల్లా మెల్లాయే కదిలింది. మఖ్లూఫ్ రానన్నాడు. ప్రార్థనకు పదిమంది మగాళ్ళు కావాలి, ఇక్కడ ఎవరితో చేస్తావని రిబ్బీ అడిగితే తలవంచాడు. యాయిష్ ఇంటిని, తోటలు చూసే ముస్లిం పొరుగువాడు లహ్సన్ తీసుకున్నాడు. బయల్దేరే పొద్దున మఖ్లూఫ్ గది చూద్దామని వెళ్తే, లహ్సన్ భార్య అప్పటికే ఆ గోడకు ఆనించి ఖర్జూరం బస్తాలు పేరుస్తోంది. మంచి మనిషే, టీ తాగి వెళ్ళమంది. ఆయన పైబస్తా ఒకటి జారబోతుంటే పట్టుకుని, సర్దిపెట్టి వచ్చేశాడు.

యెరూషలేముకు బస్సులో మూడు నాలుగు గంటల దూరాన, ఎడారిలోని ఒక కొత్త ఊళ్ళో వాళ్ళకు ఇల్లు ఇచ్చారు. ఆలయం ఉన్న చోటు దూరం నుంచైనా చూపిస్తాను రమ్మని యాయిష్ ఎన్నిసార్లు అడిగినా, అక్కడ నాకెవరున్నారు అనేవాడు. ఒక్కసారి కూడా వెళ్ళకుండానే మూడో చలికాలంలో పోయాడు.

కొడుకులు లేనివాడు గనక యాయిష్ పదకొండు నెలలు, పోయినవారికి కొడుకు చదవాల్సిన ప్రార్థన చదివాడు. తామో గౌను మెడ అంచు చించుకుని ఏడు రోజులు నేలమీద కూచుంది. మొదటామె తండ్రికి రెండో భార్య దుఃఖం పాటించాలన్న విధి ఎక్కడా లేదు. ఆయన నీకేమవుతాడని పక్కింటి ఆడవాళ్ళు ఆమెను అడిగారు.

"మా అమ్మవాళ్ళ నాన్న," అంది మసూదా.

ఏ అమ్మ అని వాళ్ళు అడగలేదు.