మూడు ద్రాక్షల పరీక్ష

ఆ రోజుల్లో మా కొవ్వూరు చర్చి సంఘంలో ద్రాక్షారసం రుచి ఎలా ఉంటుందని అడిగితే చెప్పగలిగినవారు దాదాపు లేరు. నెలకోసారి ప్రభువు బల్ల దగ్గర మోకరించి అందరం పుచ్చుకునేవాళ్లం. అయినా గిన్నె పెదవికి తగిలేసరికి కళ్లు మూతపడేవి, మనసు మేం చేసిన తప్పుల మీదికి పోయేది. గిన్నె దగ్గరికి వచ్చినవాడు ముందు తన్ను తాను పరీక్షించుకోవాలని సండే స్కూలు నుంచీ మాకు నూరిపోశారు. ఆ నూరిపోత ఎంత గట్టిదో నాకు ఇరవై రెండో ఏట తెలిసింది.

అప్పటికి నాలుగేళ్లుగా మా పెరట్లో ద్రాక్ష పెంచుతున్నాను. బెంగుళూరులో సభలకి వెళ్లినప్పుడు అక్కడి నల్లద్రాక్ష కొమ్మ ఒకటి తడిగుడ్డలో చుట్టి, రైల్లో దారిపొడుగునా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. (పక్క సీటావిడ పసిబిడ్డనుకుని, నిద్ర లేస్తాడని గొంతు తగ్గించి మాట్లాడింది.) గోదావరి ఒండ్రుమట్టిలో అది ఆకు తప్ప కాయ వేయదని అందరూ తేల్చేశారు. "పందిరి బాగుందిరా అబ్బాయ్, కింద గేదెను కట్టుకో" అనేవాడు చర్చి గంట కొట్టే మా బాబాయి. నేను వినలేదు. రెండో ఏడు ఉన్నట్టుండి ఆకులన్నీ రాలిపోయినా వదల్లేదు. కత్తిరించాను, చేపల ఎరువు వేశాను, తీగ పట్టుకుని ప్రార్థన కూడా చేశాను. నాలుగో ఏడు గుత్తులు దిగాయి. తోలు మందం, పులుపు మెండు, అయినా పండు పండే కదా. పంచదార, గుప్పెడు గోధుమలు వేసి జాడీకి వాసెన కట్టాను. నా తీగ రసం ఒక్కసారైనా ప్రభువు బల్ల మీద ఉండాలి. అంతకు మించి నాకప్పుడు కోరిక లేదు.

మరుసటి ఈస్టరుకి పట్నం నుంచి రావలసిన ద్రాక్షారసం సీసా రాలేదు. నా ప్రార్థన ఫలించిందనుకుని (అలా అనుకోవడం తప్పని తర్వాత తెలిసింది) జాడీ ఎత్తుకుని అయ్యగారింటికి పరిగెత్తాను. మా పాస్టరు గారిని అందరం అయ్యగారు అనేవాళ్లం. తీరా చూస్తే వరండాలో అప్పటికే రెండు జాడీలున్నాయి. ఒకటి బాబాయిది. మధురై వైపు నుంచి తెప్పించిన పచ్చద్రాక్షతో గుట్టుగా చేశాడట. రెండోది సైకిలు మీద ఊరూరా తిరిగి బోధించే ఉపదేశి గారిది. ఆయన రంపచోడవరం కొండల్లో వాక్యం చెప్పి వస్తూ, అక్కడ చెట్లకి పాకే అడవిద్రాక్ష సంచీ నిండా కోసుకొచ్చారు. గింజే తప్ప గుజ్జు లేని పండు. మూడిట్లో ఏది తగునో తయారుచేసిన మేమే రుచి చూసి, నిజాయితీగా చెప్పాలన్నారు అయ్యగారు.

రుచి తెలిసిన మనిషి సంఘంలో ఒకాయన ఉన్నారు. వయసులో కల్లుపాకలోనే కాపురమున్నానని ప్రతి పండక్కీ సాక్ష్యం చెప్పే తాతగారు. ఆయన్ని బతిమాలితే, "నన్నొదిలెయ్యండి బాబూ. బల్ల దగ్గరైతే నన్ను ప్రభువు చూసుకుంటాడు. ఉత్తప్పుడు నన్ను నేనే చూసుకోవాలి" అని వరండా చివర బెంచీ మీద కూర్చున్నారు.

రంగు చూసి ఎవరిది వారు పోల్చేస్తారని అయ్యగారి భార్య (ఆవిడ మా అందరికీ అమ్మగారు) కళ్లు మూసుకోమన్నారు. పొరపాటు అక్కడే జరిగింది. కళ్లు మూసుకున్న బాబాయి పెదవికి గిన్నె తగిలింది. మింగాడు. చెంపల మీద నీళ్లు కారాయి.

"ఎలా ఉందయ్యా?" అన్నారు అయ్యగారు.

"నేను పాపినండి. వీడి తీగ మొదట్లో వేడి గంజి పోశానండి, రెండేళ్ల కిందట."

"రసం సంగతి చెప్పవయ్యా."

"నా రసం కూడా వీడి గుత్తులు చూసి ఓర్వలేక పెట్టిందేనండి."

ఉపదేశి గారు ఒక్క గుక్కకే తలవంచుకుని కళ్లు ఒత్తుకున్నారు. "మూడు ఊళ్లలో వాక్యం చెప్పానన్నాను. రెండేనండి. మూడో ఊరి టైమంతా ద్రాక్ష కోశాను."

నేను పళ్లు బిగించాను. ఏది గుర్తొచ్చినా సరే, రుచే చూడాలి. మొదటిది చప్పటి తీపి. రెండోది ముందు వగరు, వెనక తేనె, మింగాక కూడా కాసేపు నోట్లోనే ఉంది. మూడోది నాలుకకి తగలగానే తెలిసిపోయింది, నాది. మూడిట్లో అదే అధ్వాన్నం. 'మూడోది' అని చెప్పేస్తే చాలు, ఈస్టరు ఉదయం నా తీగ బల్ల మీద ఉంటుంది. ఆ ఇద్దరూ ఏడుస్తున్నారు, కాదనేవాళ్లు లేరు. కానీ గిన్నె ఇంకా పెదవి మీదే ఉంది.

"రెండోదండి" అన్నాను.

"నీది ఏదో తెలిసే చెబుతున్నావా?"

"తెలిసేనండి."

వరండా చివరి నుంచి తాతగారు నెమ్మదిగా అన్నారు. "సరిగ్గా చెప్పావు మనవడా. ఆ మూడోదాని వాసన ఇక్కడి దాకా వస్తోంది. ముక్కు మూసుకోవడం మర్చిపోయాను."

ఈస్టరుకి అడవిద్రాక్ష బల్ల ఎక్కింది. నా జాడీ అమ్మగారి వంటింట్లో చింతపండు పని చేసింది. ఆ రోజు విందులో చేపల పులుసు అందరూ మారు వడ్డించుకున్నారు. బాబాయి మూడుసార్లు. మర్నాటి నుంచి నా తీగకి ఆయనే చన్నీళ్లు పోశాడు.

ఆ తీగ ఇప్పుడు లేదు. బల్ల దగ్గర చిట్టి ప్లాస్టిక్ గ్లాసుల్లో కొన్న రసం ఇస్తున్నారు. ఈ వయసులోనూ అది పెదవికి తగలగానే, కళ్లు మూసుకునే ముందు ఒక్క క్షణం ఇది ఏ ద్రాక్షో పోల్చుకోబోతాను. ఆ తర్వాత నా తప్పుల జాబితా మొదలుపెట్టి, ఆ ఒక్క క్షణాన్నే మొట్టమొదట ఒప్పుకుంటాను.