రంగి కట్టిన మట్టి కొట్టం

సర్వధారి నామ సంవత్సరం, భాద్రపద బహుళ పంచమి, గురువారం, పొద్దున ఏడు గంటలు. మా చిన్నమ్మ కూతురు రంగి తడిమట్టిలో చెయ్యి పెట్టిన వేళ అది. గంట సంగతి అంత కచ్చితంగా ఎట్లా చెబుతానంటే, మా నాన్న సూర్యాపేట అంగడిలో ధాన్యం తూచే దడ్వాయి. సరిగ్గా ఏడింటికి ఇల్లు కదిలేవాడు. ఆ రోజు ఒక కాలికి చెప్పు తొడిగి రెండోది తొడగబోతూ ఆగి, "సూడుండ్రి, పిల్ల చెయ్యి కదిలింది" అన్నాడు. నాకు తొమ్మిదేళ్లు, రంగికి ఐదు.

ఈ లెక్క ఇప్పుడు తీయడానికి కారణం మిర్యాలగూడలోని ఒక గది. మా మునిమనుమరాలు కళ్ల ముందే బడి ఆటో ఒకటి బోల్తాపడింది. ఆమెకు దెబ్బ తగలలేదు కానీ అప్పటి నుంచి ఏ బండీ ఎక్కదు, చీకటిపడితే తల్లి కొంగు వదలదు. పిల్లల మనసుకు తగిలిన దెబ్బలను ఆటలతో మాన్పే చోటు ఉందని ఎవరో చెబితే మనుమడు తీసుకుపోయాడు, నేనూ వెంట పోయాను. ఇసుక, బొమ్మలు, చిన్న వంటసామాను, మూత పెట్టిన ఒక మట్టి తొట్టి. ఒక అమ్మాయి కింద కూర్చుని పిల్ల ఏం చేస్తే అది చూస్తున్నది, ఏమీ అడగడం లేదు. "ఆడుకోవడానికి ఇంత దూరం రావాల్నా నానమ్మా?" అని మనుమడు గొణిగాడు. "రావాలె. నోరు మూసుకొని కూసో" అన్నాను. అంతలో పిల్ల తొట్టి మూత తీసింది. నీళ్లు చిలకరించిన మట్టి వాసన గదంతా కమ్మింది, నేను ఆ గురువారానికి వెళ్లిపోయాను.

ఆ కాలంలో సూర్యాపేటలో మా ఇల్లు మూడు అంకణాల పెంకుటిల్లు. నడిమింట్లో నా ఎత్తుకు రెండింతలున్న వడ్ల గుమ్మి, దాని వెనక ఒక మనిషి దాగేంత సందు, వాకిట్లో రోలు, వీధి వైపు పొడుగాటి అరుగు. వాన వెలిసిన భాద్రపదంలో గోడల మీద పచ్చటి నాచు పట్టేది, కంచెల మీద బీరపూలు, చేలగట్ల మీద గునుగు, ఊరి బయట తంగేడు, ఇంట్లో వేయించిన నువ్వుల వాసన, దంచిన బెల్లం, రోట్లో నుంచి లేచే మక్కపిండి దుమ్ము. మగపిల్లలు గోలీలతో వీధులు పట్టేవారు. మేము అరుగు మీద గచ్చకాయలు, ఓమనగుంటలు ఆడి, గింజల దగ్గర తగాదా పడి, మళ్లీ కలిసి జొన్నచేను వైపు పరుగెత్తేవాళ్లం. నేను ఎక్కడున్నా నా గింజల లెక్క తప్పేది కాదు, అందుకని నాతో ఆడడానికి కొందరికి ఇష్టం ఉండేది కాదు.

ఆ ఏడు శ్రావణం చివరి వారంలో మా చిన్నమ్మ లచ్చమ్మ రంగిని చంకన వేసుకొని మా ఇంటికి నడిచి వచ్చింది. మూసీ అవతల వాళ్ల పల్లె మీద తుపాకులవాళ్లు పడి ఇళ్లు తగలబెట్టారు. చిన్నాయన అంతకు ముందే బండి కట్టుకొని కోదాడ వైపు పోయాడు, ఎక్కడున్నాడో తెలియదు. తల్లీకూతుళ్లు జొన్నచేలో పడుకొని ప్రాణాలు దక్కించుకున్నారు. అంతకు ముందు రంగి వాగుడుకాయ. ఆ రోజు నుంచి మాట లేదు. పెడితే రెండు ముద్దలు తినేది, లేకపోతే అడిగేది కాదు, పొద్దంతా గుమ్మి వెనక సందులో మోకాళ్లు ముడుచుకొని కూర్చునేది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు, నీళ్లు మంత్రించి తాపారు. వినాయక చవితి పోయిన వారానికి ఆ తుపాకులవాళ్లను అణచడానికి కోదాడ బాట మీద సైన్యం లారీలు వచ్చాయి, ఊరు ఊరంతా చూడడానికి ఉరికింది, రంగి సందులో నుంచి కదలలేదు.

చిన్నమ్మ ఇక ఓపలేకపోయింది. జడుసుకున్న పిల్లలకు పసుపుకొమ్ము కాల్చి పొట్ట మీద వాత పెట్టడం మా దగ్గర వాడుక. పక్క వాడలో ఆ పని చేసే ముసలమ్మ ఉండేది. ఆమెను అమావాస్యకు రమ్మని చెప్పి వచ్చింది.

మా ఇంట్లో దీనికి అడ్డం పడింది ఒక్క మా మేనత్త. చిన్నతనంలోనే భర్త పోతే అన్న ఇంటికి వచ్చి ఉన్న మనిషి. అమ్మ, చిన్నమ్మ ఇద్దరూ ఆమెను వదినె అనేవారు, మేము పిల్లలం అత్తమ్మ అనేవాళ్లం.

"మంటను సూసి జడుసుకున్న పిల్లకు మంటనే మందా లచ్చమ్మా?"

"మా అమ్మ నాకు పెట్టియ్యలేదా వదినె? నేను మాట్లాడుతలేనా?"

"మాట్లాడుతున్నవ్. జర ఎక్కువనే."

అమ్మ నవ్వు ఆపుకోలేక రోటి వైపు తిరిగింది. చిన్నమ్మ మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుంది. "నీకు పిల్లలు లేరు, నీకేమెరుక? రేపు దాని నాయిన వచ్చి నా బిడ్డ మాటలేవంటే ఏం జెప్పాలె?" అన్నది. పిల్లలు లేరన్నది మా ఇంట్లో ఎవరూ అనకూడని మాట. అత్తమ్మ మాత్రం, "బొడ్డెమ్మను సాగనంపేదాక ఆగు. అమాసకు నీ ఇష్టం" అన్నది.

బొడ్డెమ్మ పెళ్లికాని ఆడపిల్లల పండుగ. బతుకమ్మకు ముందు తొమ్మిది రోజులు, పీట మీద పుట్టమన్నుతో మెట్లు మెట్లుగా గద్దె కట్టి, ఎర్రమన్నుతో అలికి, ముగ్గు వేసి, పూలు పెట్టి, చుట్టూ తిరిగి ఆడుతాం. విధవ కాబట్టి అత్తమ్మ దాన్ని ముట్టకూడదు. ఏటా అరుగు చివరన గోడకు ఆనుకొని కూర్చుని, "మూడో మెట్టు వొంకరుంది", "గా పిల్ల నీళ్లు ఎక్కువ పోసింది" అని నోటితోనే మొత్తం కట్టించేది. ఆ గురువారం రంగిని ఎవరూ పిలవలేదు. అత్తమ్మ అరుగు మీద తన పక్కన పడుకోబెట్టుకున్నది. మేము మన్ను తొక్కుతుంటే రంగి దిగి వచ్చి మిగిలిన ముద్దలో చెయ్యి పెట్టింది. నాన్న చెప్పు తొడుక్కుంటూ ఆగింది అప్పుడే.

రంగి నాలుగు గోడలు కట్టింది. మీద జొన్నచొప్ప పరిచింది. పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది కూల్చింది. మళ్లీ కట్టింది, మళ్లీ కూల్చింది. మరుసటి రోజూ అంతే. పసుపు అడగడానికి వచ్చిన పొరుగామె చూసి, "బొడ్డెమ్మ పక్కన ఇల్లు కూలగొట్టుడా? అశుభం గాదా?" అన్నది. చిన్నమ్మ ఉరికివచ్చి రంగి మీద చెయ్యి ఎత్తింది.

"చెయ్యి దించు" అన్నది అత్తమ్మ. "ఊరూరు కాలిపోతే రాని అశుభం గీ పిడికెడు మట్టికి వస్తదా?"

మూడో రోజు మేము ఆడపిల్లలం కలిసి ఒక ఆలోచన చేశాం. రంగికి మంచి ఇల్లు లేకనే కూలుస్తున్నదని మా లెక్క. ఆమె మధ్యాహ్నం నిద్రపోతుంటే వాకిట్లో నునుపైన గోడలు, చీపురుపుల్లల కిటికీలు, తులసి గద్దె, గడపకు పసుపు, ఇంటి ముందు పిండిముగ్గు పెట్టి రాజుల ఇల్లంత ఇల్లు కట్టాం. రంగి లేచి వచ్చి చూసింది. వెనక్కు తిరిగి గుమ్మి సందులోకి పోయింది. మరునాడంతా మట్టి ముట్టలేదు.

"మంచిగనే కట్టినం గదా అత్తమ్మా" అన్నాను.

"మీకు మంచిగ కట్టుకున్నరు. అది దాని ఇల్లు గాదు. చెయ్యి పెట్టకుంట కూసునుడు నేర్సుకోండ్రి. ఎట్లనో తెల్వకుంటే నన్ను సూడుండ్రి, పదకొండేండ్ల సంది గదే పని."

మేము కట్టిన ఇల్లును మేమే తీసేశాం. మట్టిముద్దను ఉన్నచోట ఉంచి, కొంచెం ఎడంగా మా గచ్చకాయలు మేము ఆడుకోవడం మొదలుపెట్టాం. అయిదో రోజు పొద్దున రంగి వచ్చింది. గోడలు కట్టింది. ఈసారి కూల్చకుండా ఒక ముద్ద తీసి, నా చెయ్యి లాగి అరచేతిలో పెట్టింది. ఏం చెయ్యాలె అని అడగబోయాను, అరుగు మీద నుంచి అత్తమ్మ గొంతు సవరించింది. నేను చెయ్యి చాచి ఊరికే పట్టుకున్నాను. రంగి నా చేతిలోనే ఆ ముద్దను గిల్లి గిల్లి నాలుగు కాళ్లు తీసింది, చెవులు తీసింది, తోక తీసింది. పూలదండలో నుంచి దారం పీకి దాని మెడకు కట్టింది. రెండో కొసను గోడ మూల గుచ్చిన పుల్లకు చుట్టి, పెదవులు బిగించి రెండు ముళ్లు వేసింది. అప్పుడు గుద్దింది.

అది ఇల్లు కాదని, పశువుల కొట్టమని అప్పుడు తెలిసింది.

"లచ్చమ్మా" అని పిలిచింది అత్తమ్మ, మెల్లగా. "ఆ దినం దూడ యాడుండె?"

చిన్నమ్మ చేటతో బియ్యం చెరుగుతూ వాకిలి దాకా వచ్చి ఆగింది. "కొట్టంల. కట్టేసి ఉండె."

"ఎవరు కట్టిండ్రు?"

దూడ తల్లిపాలు తాగేయకుండా పొద్దుగూకే ముందు కట్టేయడం ఆ ఇంట్లో రంగి పని. ముడి వేయడం కొత్తగా నేర్చుకొని, వచ్చినవాళ్లకల్లా వేసి చూపించేదట. ఆ సంగతి మాకందరికీ తెలుసు, ఎవరికీ తట్టలేదు.

చిన్నమ్మ చేట కింద పెట్టింది. వచ్చి మట్టిలోనే చతికిలబడింది. "ముడి నేనేసిన బిడ్డా" అన్నది. "నువ్వేసింది జారిపోయింది. మల్ల నేనే గట్టిగ ఏసిన. నువ్వు గాదు."

రంగి తల్లి మొహం చాలాసేపు చూసింది. కూలిన గోడల కింద నుంచి దూడను తీసి, దారాన్ని తల్లి చేతిలో పెట్టింది. తడిసిన ముడి చిన్నమ్మ వేళ్లకు రాలేదు. మట్టితో సహా నోట్లో పెట్టుకొని పళ్లతో కొరికి విప్పింది. రంగి దూడను నేల మీద నడిపించుకుంటూ బొడ్డెమ్మ పీట చుట్టూ ఒక తిప్పు తిప్పి, మేము నీళ్లు పెట్టుకున్న మూకుడు దగ్గర ఆపి, దాని మూతి నీళ్లలో ముంచింది.

"తాగుతున్నది" అన్నది.

ఇరవై ఏడు రోజుల తరువాత మొదటి మాట అది. మేము కేకలు వేసేవాళ్లమే, కానీ అత్తమ్మ వేలు ఎత్తింది. అందరం చేతులతో నోళ్లు మూసుకున్నాం. చిన్నమ్మ ఒక్కతే మాట్లాడింది. "కడుపునిండ తాగనియ్యి బిడ్డా. తొందర లేదు."

ఒక్క మాటతో జబ్బు పోయిందని చెప్పను. తరువాత కూడా రంగి కట్టింది, కూల్చింది, నిద్రలో ఉలిక్కిపడి లేచింది. మారినది చిన్నమ్మ. రోజూ పనులు పక్కనపెట్టి కాసేపు పిల్ల పక్కన నేల మీద కూర్చునేది, పిలిస్తే ఆడేది, పిలవకపోతే చూసేది. మొదట్లో ఆమె చెయ్యి ఊరుకునేది కాదు. "లచ్చమ్మా, చేతులు కొంగుల సుట్టుకో" అని అరుగు మీద నుంచి కేక వచ్చేది. తొమ్మిదో రోజు బొడ్డెమ్మను నీళ్లలో కలిపినప్పుడు రంగి దూడను మాత్రం ఇవ్వలేదు. మర్నాడు అమావాస్యకు వాత పెట్టే ముసలమ్మ రానే వచ్చింది. రంగి గడపలో నిలబడి, "ఎవరు గావాలె?" అని అడిగింది. ముసలమ్మ ఎగాదిగా చూసి, "మాటలొచ్చినయా? అయితే నా పసుపుకొమ్ము కూరలేసుకుంట" అని, పెట్టిన సత్తుపిండి తిని, ఇంకో ముద్ద కొంగున కట్టుకొని పోయింది.

దసరాకు చిన్నాయన వచ్చాడు. కోదాడ అవతల రెండు నెలలు ఉండి, "ఏమ్మా, బాగున్నావా?" అని ఆ దిక్కు మాట పట్టుకొచ్చాడు. రంగి తల్లి వైపు తిరిగి, "మా నాయినేనా గీయన?" అంటే వాకిలంతా గొల్లుమన్నది.

పెద్దయ్యాక ఒకసారి చిన్నమ్మను అడిగాను, ఆ ముడి నిజంగా ఎవరేశారని. వత్తులు చేసుకుంటూ తల ఎత్తకుండానే, "ఎవరేస్తే ఏంది సత్తీ, ఇప్పింది నేనే గదా" అన్నది. నేను లెక్కలు వదిలే మనిషిని కాను, కానీ ఆ లెక్క అక్కడే వదిలేశాను.

రంగికి ఇప్పుడు ఎనభై రెండు దాటుతున్నాయి, కోదాడలో కొడుకు దగ్గర ఉంటుంది. ఫోను చేస్తే నన్ను మాట్లాడనివ్వదు. మిర్యాలగూడ గది సంగతి చెబితే, "తల్లిదండ్రులను కూడ కూసోబెడుతున్నరా? గదే అసలు మందు" అన్నది. మా మనుమడు ఇప్పుడు వారానికి ఒక రోజు ఆ గదిలో పిల్ల పక్కన కింద కూర్చుంటున్నాడు. ఫోను బయట పెట్టి వస్తున్నాడు.

ఇక పోయినవి. మూసీ అవతల చిన్నమ్మ ఇల్లు ఒకటి, కొట్టం ఒకటి, ఆవు ఒకటి, దూడ ఒకటి. తరువాతి కాలంలో నాన్న, అమ్మ, చిన్నమ్మ, చిన్నాయన, అత్తమ్మ: మొత్తం అయిదుగురు. అరుగు ఒకటి, వీధి వెడల్పు చేసినప్పుడు. మా వాడలో బొడ్డెమ్మ, ఆడేందుకు పిల్లలు చాలక. ఇరవై ఏడు రోజుల మాటలు తిరిగి వచ్చాయి కాబట్టి ఇందులో కలపలేదు.