సావుకారి ఇంటి గీజరు గడియారం

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఒకటి ఉంటుందని నాకు తెలియదు. ఐటీఐ సర్టిఫికెట్టుకు ప్లాస్టిక్ కవరు వేయించి బీరువాలో దాచుకుని, చొక్కా జేబులో టెస్టరు పైకి కనబడేలా పెట్టుకుని ఆదోని బజార్లో తిరిగేవాణ్ణి. (ఆ టెస్టరు ఎప్పుడో పని చేయడం మానేసింది. అయినా జేబుకు అందంగా ఉండేది.) ఇరవై రెండేళ్లప్పుడు మనిషికి తెలివి కాస్త తక్కువైనా ఫరవాలేదు, తప్పు ఒప్పుకునే అలవాటుంటే చాలు. నాకు రెండూ లేవు. ఈ సంగతి ఇన్నేళ్లూ స్నేహితుల దగ్గర సగమే చెప్పి నవ్విస్తూ వచ్చాను. మిగతా సగం విన్నాక మీరు నవ్వకపోయినా నేనేమీ అనుకోను.

అప్పట్లో నేనొక పత్తి జిన్నింగు మిల్లులో కరెంటు పని చేసేవాణ్ణి. సావుకారి ఇల్లు మిల్లు ఆవరణలోనే ఉండేది, ఇంటికీ మిల్లు లైనే. ఆ లైను మీటరు గంటను బట్టి రేటు వేసేది. సాయంత్రం వాడితే ఎక్కువ, తెల్లవారుజామున వాడితే తక్కువ. సావుకారి తల్లిని మేమంతా అవ్వ అనేవాళ్లం. అవ్వ రోజూ ఐదు గంటలకు వేణ్ణీళ్లు పోసుకుని పూజకు కూర్చునేది. ఆ నీళ్లు కాచడానికే ఒక మనిషి ఉండేది. పెరట్లో పెద్ద రాగి అండా కింద పత్తికట్టె మంట పెట్టి, పొగలో కళ్లు తుడుచుకుంటూ, ఐదుకు ఐదు నిమిషాల ముందే నీళ్లు తయారుగా ఉంచేది. అందుకని ఆమె పేరే అండక్క అయిపోయింది. భర్త లేడు. చిన్న కూతురితో ఆ పెరటి గదిలోనే కాపురం.

ఆ యేడు సావుకారి పెద్ద గీజరు కొన్నాడు. "ఏమప్పా, రేటు తక్కువుండే టైములోనే నీళ్లు కాగేట్ల సేస్తావా?" అని అడిగాడు. "అదెంత పని సావుకారీ!" అన్నాను. అనుకున్న వేళకు స్విచ్చి వేసి, అనుకున్న వేళకు ఆపేసే గడియారపు పెట్టె ఒకటి దొరుకుతుంది. దాని కోసం బజారుకు పోతే అంగడాయన, "బ్యాటరీ ఉండేది తీస్కో అన్నా. కరెంటు పోయినా గడియారం నిలబడదు" అన్నాడు. నేను నవ్వి, "మాది మిల్లు లైను. ఊరంతా పోయినా మాకు పోదు" అని బ్యాటరీ లేనిదే తెచ్చాను. కరెంటుకు ఆ మాట వినబడిందేమో, మర్నాడే రెండు గంటలు పోయింది.

గడియారం రెండు గంటలు ఆగింది, మళ్లీ ఏమీ ఎరగనట్టు నడిచింది. అంటే నాలుగింటికి కాగవలసిన నీళ్లు ఆరింటికి కాగుతాయి. ఇంకో రోజు మూడు గంటలు పోతే తొమ్మిదింటికి. (పోయేదేదో రోజంతా పోయినా బాగుండేది. ఇరవై నాలుగు గంటలు ఆగితే గడియారం దానంతటదే సరిపోతుంది. మనకంత అదృష్టమా!) నిజం చెప్పి పెట్టె మార్చవచ్చు. కానీ 'మిల్లు లైను' అని కోసిన కోతలు అంగడి నుంచి బజారంతా పాకాయి. అందుకని రోజూ సాయంత్రం 'టెస్టింగ్' పేరుతో ఇంటి పెరట్లోకి పోయి, స్టూలెక్కి, ఎవరూ చూడకుండా ముల్లు సరిచేసి దిగేవాణ్ణి. కోడలుగారు కాఫీ ఇచ్చి, "ఎంత శ్రద్ధప్పా ఈ పిల్లోనికి!" అనేది. నేను సిగ్గుపడుతున్నట్టు తల వంచుకునేవాణ్ణి. నిజంగా పడివుంటే ఎంత బాగుండేది.

దసరాకు మా ఊరు హొళగుందకు పోయి, దేవరగట్టు తిరునాళ్ల కూడా చూసుకుని ఐదో రోజు తిరిగి వచ్చాను. ఆవరణలో అడుగు పెట్టగానే కేకలు వినబడ్డాయి. మిట్టమధ్యాహ్నం సావుకారి కాళ్లు కడుక్కుందామని కుళాయి తిప్పి, సలసల కాగే నీళ్లు పాదాల మీద పడి, ఎద్దు పొడిచినట్టు ఎగిరాడట. గీజరు వచ్చాక అండా మూలన పడింది గనుక, అవ్వేమో నాలుగు రోజులుగా తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుని జ్వరంతో మంచమెక్కింది. పడుకునే అరుస్తోంది: "గంగమ్మకు గూడా బద్దకం పట్టిందేమిరా! పొద్దున్నే లేయదు, మద్యాన్నం లేసి బుసలు కొడ్తాది!"

నాకు నవ్వొచ్చింది. సావుకారి మొహం చూసి ఆపుకున్నాను. ఇంటివాళ్లంతా పెరట్లో చేరారు. మిల్లు కూలీలు కూడా పని వదిలి వచ్చి చుట్టూ నిలబడ్డారు. నేను పెట్టె తెరిచాను. గడియారం ఎనిమిది గంటలు వెనకబడి ఉంది.

"ఏమైందప్పా?" అన్నాడు సావుకారి.

అప్పుడు నోట్లో ఒక చిన్న నిజం పట్టేంత చోటుంది. నేను దాన్ని మింగేసి, "ఎవరో తిప్పినట్టుంది సావుకారీ" అన్నాను.

ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. గీజరు వచ్చాక పని పోయేదెవరికో అందరికీ తెలుసు. చూపులన్నీ అండక్క వైపు తిరిగాయి.

"నేనా?" అంది ఆమె. "నాకు ఆ పెట్టె అందనే అందదు గదప్పా!"

"స్టూలుండాది గదా ఆడ," అన్నారెవరో.

ఆమె నా వైపు చూసింది. నేను అప్పటికే బిగించి ఉన్న మరను ఇంకా బిగిస్తూ నిలబడ్డాను. పొద్దు వాలేలోపు ఆమె గిన్నెలూ బట్టలూ రెండు మూటలు కట్టి, కూతురి చెయ్యి పట్టుకుని గేటు దాటి పోయింది. ఎమ్మిగనూరులో తమ్ముడున్నాడని ఎవరో అన్నారు. మర్నాడు నా డబ్బుతో బ్యాటరీ ఉన్న పెట్టె కొని, గుట్టుగా మార్చేశాను. ఇక నీళ్లు ఠంచనుగా కాగాయి. "సూస్తిరా? ఆయమ్మి పోయినంక నీళ్లు ఎంత సక్కగొస్తాండాయో!" అని ఇల్లంతా అనుకుంది. నా అబద్ధానికి రుజువు కూడా నా చేత్తోనే బిగించినట్టయింది.

ఇప్పుడు నాకు సొంత అంగడి ఉంది. మొన్న ఎమ్మిగనూరులో ఒక ఇంటికి గీజరు బిగించడానికి పోయాను. స్టూలెక్కి గోడకు బెజ్జం వేస్తుంటే, వసారాలో నూలు చుడుతున్న ముసలామె రాట్నం ఆపి అడిగింది: "కరెంటు పోతే దీని గడియారం గూడా నిలబడతాదా అప్పా?"

డ్రిల్లు మిషను చేతిలోనే ఉండిపోయింది. ఎలా దిగానో తెలియదు. "అండక్కా... నీకు తెలుసా?"

"మూడో దినానికే తెలుసు. కరెంటు పోతే అది నిలబడతాది, నువ్వొచ్చి తిప్పి పోతావు. పెరట్లో కూసునేదానికి ఇంగేం పని?"

"మరి ఆ రోజు చెప్పలేదెందుకు?"

"ఐటీఐ సదివినోడు ఒగటి సెప్పినంక అండా కాసే దాని మాట ఎవరింటారు? నువ్వే సెప్తావేమోనని సూస్తి." మళ్లీ నూలు చుట్టడం మొదలుపెట్టింది. "సానాసేపు సూస్తి."

నేను కాళ్లకు దణ్ణం పెట్టబోయాను. కాళ్లు వెనక్కి లాక్కుంది. "నాకు మొక్కితే ఏమొస్తాదప్పా? యాడ అన్న మాట ఆడ పోయి సెప్పు."

మర్నాడే పోయాను. అవ్వ ఎప్పుడో పోయింది. సావుకారి వరండాలో కుర్చీలో ఉన్నాడు. పక్కన కూర్చుని, తల వంచుకుని, బస్సులో దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ మెల్లగా చెప్పాను. ఆయన అంతా విని, "ఆఁ? ఏమంటివి?" అన్నాడు. చెవులు బాగా తగ్గాయట. గొంతు పెంచాను. "గీజరా? చెడిపోయిందా?" అన్నాడు. చివరికి లేచి నిలబడి అరిచాను: "గడియారం అండక్క తిప్పలేదు సావుకారీ! నేనే అబద్ధం చెప్పినా! అబద్ధం!" వంటింట్లోంచి కోడళ్లు వచ్చారు, పిల్లలు వచ్చారు, పాలాయన క్యాను పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. వాళ్లందరి ముందూ ఇంకోసారి అరవవలసి వచ్చింది.

సావుకారికి ఈసారి వినబడింది. "ఆ పొద్దే ఇంత గట్టిగా సెప్పింటే సరిపోతుండె గదప్పా," అన్నాడు.

బయటికి వచ్చి అండక్క కూతురి ఫోనుకు చేశాను. గొంతు బొంగురుపోయింది. "సెప్పినానక్కా."

"ఎంతమంది ఇన్నారు?"

"ఇంటోళ్లు తొమ్మిది మంది. ఒక పాలాయన."

"ఆ పొద్దు మిల్లు మిల్లంతా ఇన్నది గదప్పా. సాలదు."

అందుకని అప్పటినుంచి ఎవరు కనబడినా చెబుతున్నాను. మిల్లు గేటు ముందు టీకొట్టులో హమాలీలకు చెప్పాను. వాళ్లలో ఒకాయన పక్కవాడితో, "పాపం, షాకు కొట్టినట్టుంది," అన్నాడు. జేబులో పని చేయని టెస్టరు పెట్టుకుని తిరిగిన ఆ మొనగాడు నన్నిప్పుడు చూస్తే తలుపు చాటుకు పోయేవాడు. పోనీ, పోతే పోయాడు. మీరూ విన్నారు గదా. మీతో కలిపి సరిపోయిందో లేదో సాయంత్రం ఫోను చేసి ఆమెనే అడగాలి.