సొంత గుమ్మం దగ్గర సంతకం

రేపల్లెలో ప్రేమకుమారిని అందరూ నర్సమ్మ అనేవారు. నిజానికి ఆమె నర్సు కాదు, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త. ఆ సంగతి చెప్పి పిలుపు దిద్దే తొందర ఆమెకూ ఏనాడూ కలగలేదు. బజార్లో ఎవరు దగ్గినా ఆగి, ఎన్ని వారాలనుంచి అని అడిగేది. చంటిపిల్లతో ఎదురొచ్చిన తల్లి పలకరింపుగా నవ్వేలోపే, పిల్ల కనురెప్ప కిందికి లాగి రక్తం చాలదని తేల్చేసేది. ఒకసారి కొరమీను బేరం మధ్యలో చేపలామె మోచేతి మీద స్పర్శ లేని కుష్ఠు మచ్చ కనిపెట్టింది. మందులు వాడి బాగుపడ్డ ఆ చేపలామె, నర్సమ్మతో బేరమాడటం పాపమని మానేసింది.

ఆమె వచ్చి వెళ్ళిన గుర్తుగా ప్రతి గుమ్మం పక్కనా గోడ మీద గళ్ళు గీసి ఉండేవి. పదిహేను రోజులకోసారి ఇంటివాళ్ళను ప్రశ్నలడిగి, గడిలో తేదీ వేసి సంతకం పెట్టాలి. ఆమె పరిధిలో రెండొందల నలభై ఇళ్ళు. వాటిలో ఒకటి ఆమెదే. ఆ గోడ మీద మాత్రం పొద్దున్నే చెప్పులేసుకుంటూ, పిన్నీసు పళ్ళ మధ్య కరుచుకుని సంతకం పడేసి పోయేది. సొంతిల్లు, అడిగేదేముంది?

ఎనభై ఎనిమిదిలో బాపట్లలో మూడు రోజులు మానసిక జబ్బుల మీద తరగతులు పెట్టారు. స్కిజోఫ్రీనియా అనే మాటను తడబడకుండా పలికింది ఆమె ఒక్కతే. డాక్టరు మెచ్చుకుంటే ఆ మాట ఇంకో రెండుసార్లు పలికింది. ప్రతి ఇంట్లో అడగవలసిన ఐదు ప్రశ్నలను ఎర్రసిరాతో రాసుకుని వచ్చి, వారం తిరక్కుండా దయ్యం పట్టిందని పశువుల కొట్టంలో కట్టేసిన ఒక మనిషి కట్లు విప్పించి గుంటూరు పంపింది. ఊరంతా ఔరా అంది.

తమ్ముడు ఏసుబాబు టీచరు ట్రైనింగు పూర్తిచేసి ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాడు. స్నేహితులు రావడం మానేశారంటే, పరీక్షకు చదువుతున్నాడనేది ప్రేమకుమారి. స్నానం మానేశాడంటే, కుళాయి రావడం లేదుగా అనేది. ఆదివారం గుడికి రాడేమంటే, మగపిల్లల భక్తి అంతేననేది. గుడ్లూ అరటిపళ్ళూ తప్ప ముట్టడంటే, బలమైన తిండేగా అనేది. గోడ ముందు నిలబడి గంటలకొద్దీ మాట్లాడుతుంటే, కాబోయే మాస్టారు పాఠం సాధన చేస్తున్నాడనేది. ఊరి జబ్బులన్నీ పట్టే ఆ కళ్ళు, గడప లోపలికి వచ్చేసరికి చెప్పులతోపాటు బయటే ఉండిపోయేవి.

తల్లి అన్నమ్మకు ఏదో తేడా తెలుస్తూనే ఉంది. ఆమెకు తెలిసిన మందు పెళ్ళి. మన ఊళ్ళల్లో అది అన్ని రోగాలకూ మందే. మింగేది మాత్రం ఎవరింటి పిల్లో అవుతుంది. ఈసారి ఆ పిల్ల అమృతలూరు కుమారి. రెండు ఆదివారాలు చర్చి గుడిలో, అభ్యంతరాలుంటే చెప్పమంటూ పెళ్ళి ప్రకటన చదివారు. మూడోసారి చదివితే ఇక పెళ్ళే.

ఆ గురువారం కొత్త సూపర్‌వైజరు బసవేశ్వరరావు తనిఖీకి వచ్చాడు. గోడ మీది సంతకాలు నమ్మే మనిషి కాదు, తన ఎదుటే అడిగించేవాడు. రిజిస్టరులో చూడకుండా వేలు పెడితే అది ప్రేమకుమారి ఇంటి నంబరు మీద పడింది. ఆమె నవ్వి, అది మా ఇల్లేనండి, ఇంకోటి చూడండి అంది.

“మీదైతే ఇల్లు కాదా అమ్మా? అడగండి, నేను వింటాను.”

సంచీ భుజానేసుకుని తన గుమ్మం బయట పరాయిదానిలా నిలబడింది. అన్నమ్మ చేటతో బయటికొచ్చింది.

“ఇంట్లో ఎవరైనా ఒంటరిగా తమలో తామే మాట్లాడుకుంటున్నారాండీ?”

“ఏంటే, నన్ను అండీ అంటున్నావు? తమ్ముడు మాట్లాడతాడుగా. పాఠమని నువ్వేగా చెప్పావు.”

ఎవరికీ వినపడనివి వినపడతాయంటారా అన్నది రెండోది. నువ్వు డ్యూటీకి పోయాక గోడకు చెవి ఆనించి వింటాడు, తిడుతున్నారని ఏడుస్తాడు అంది అన్నమ్మ. ఈ మాట ప్రేమకుమారికి కొత్త. మూడో ప్రశ్నకు గొంతు తగ్గింది.

“తిండిలో ఎవరో ఏదో కలిపారని...”

“అందుకేగా గుడ్డూ పండూ. తన చేత్తో ఒలిచిందే తింటాడు. బలమని నువ్వే అన్నావుగా ప్రేమా.”

మిగతా రెండూ అడిగింది. రెండింటికీ అవుననే వచ్చింది. రెండు అవునులుంటే చాలు, డాక్టరుకు చూపించాలని బాపట్ల తరగతిలో అందరికన్నా ముందు చెయ్యెత్తి చెప్పింది తనే. బసవేశ్వరరావు గోడ మీది సంతకాల వరసను చూశాడు. ఆదివారాలు తెనాలికి వచ్చే మనసు డాక్టరు చిరునామా రాసిచ్చి వెళ్ళాడు.

పెళ్ళి ఆపుదామంటే అన్నమ్మ వినలేదు. పెళ్ళయితే వాడే సర్దుకుంటాడంది. ఆదివారం గుడిలో పాస్టరు తోమాసు అయ్యగారు మూడో ప్రకటన చదివి, అభ్యంతరం ఉన్నవారు తెలియజేయవలెనన్నారు. అలా అని, జవాబుకు ఆగకుండా పేజీ తిప్పడం ఆయనకు ముప్పై ఏళ్ళ అలవాటు. ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో ప్రేమకుమారి లేచింది.

“ఉందండి అయ్యగారూ.”

పేజీ ఆయన వేళ్ళ మధ్యే ఉండిపోయింది. కునుకు తీస్తున్న పెద్దలంతా ఒక్కసారిగా భక్తిగా కళ్ళు తెరిచారు. ఏంటమ్మా అది అని అడిగారాయన.

“అమ్మాయికి చెప్పాల్సిన మాటండి. ఇక్కడ చెప్పను. ఇప్పుడే బస్సెక్కుతున్నాను.”

అమృతలూరులో కుమారి అంతా విన్నది. మందులతో బాగుపడతాడా అని అడిగింది. బాగుపడవచ్చు, ఎంతవరకో చెప్పలేనంది ప్రేమకుమారి.

“ఇన్నాళ్ళూ ఎందుకు చూడలేదండీ? మీరు అందరికీ చూస్తారంటగా.”

సంబంధం అక్కడితో పోయింది.

మరుసటి ఆదివారం తమ్ముణ్ణి తెనాలి రైలెక్కించింది. ఆ గొంతులు అబద్ధమని వాదించలేదు. నీకు నిద్ర పట్టడం లేదు కదా, దానికి చూపిద్దామంది. అరటిపళ్ళు కొనిస్తే ఏసుబాబు ఒకటి ఒలిచి, సగం తుంచి ఆమె చేతిలో పెట్టాడు.

“ముందు నువ్వు తినక్కా.”

తింది. రెండు స్టేషన్లు దాటేదాకా ఆమెనే కనిపెట్టి చూసి, అప్పుడు తన సగం తిన్నాడు.

మాత్రలకు లావయ్యాడు. రెండుసార్లు మానేశాడు, రెండుసార్లూ మళ్ళీ మొదటికొచ్చింది. తొంభై మూడు నాటికి అరుగు మీద పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాడు. ఆ ఇంటికి ఎప్పుడు సున్నం వేసినా ప్రేమకుమారి గళ్ళు మళ్ళీ గీయించేది. పదిహేను రోజులకోసారి తన గుమ్మం బయట చెప్పులతో నిలబడి, ఇంట్లో ఎవరండీ అని కేకేసేది. వస్తున్నానండీ నర్సమ్మగారూ అంటూ ఏసుబాబు తల దువ్వుకుని వచ్చేవాడు. ఐదు ప్రశ్నల్లో ఒక్కోసారి ఒకదానికి అవుననేవాడు. ఆమె అది రాసుకుని, అప్పుడు సంతకం పెట్టేది.