మూడు తలకట్లు, రెండు దీర్ఘాలు

మా బావ గోడల మీదా బోర్డుల మీదా అక్షరాలు రాస్తాడు. ముప్పై ఏళ్లుగా అదే పని, అదే పద్ధతి. ముందు దారానికి సుద్ద రాసి గోడ మీద గీత కొడతాడు. దాని కింద అక్షరాల ఒళ్లు మొత్తం రాసేసి, తలకట్లూ దీర్ఘాలూ మాత్రం ఆఖర్న వరసగా పెడతాడు. అప్పుడే అన్నీ ఒక్క ఎత్తులో ఉంటాయట. ఆ పద్ధతే ఆయన కొంప ముంచింది.

ఆ రోజు రాయాల్సింది "కళ్లద్దాల దుకాణం". ఒళ్లు పూర్తయింది. నిచ్చెన ఇంకో మెట్టు ఎక్కడానికి బద్ధకించి, మెడ వెనక్కి విరిచి, చెయ్యి సాగదీసి మొదటి తలకట్టుకు కుంచె ఎత్తాడు. మెడ నుంచి కుడి భుజం దాకా చుర్రుమంది. దిగేసరికి ఆయన ముఖాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

ఎముకకేం కాలేదనీ, కండరాలు బెణికాయనీ, వ్యాయామంతోనే తగ్గాలనీ డాక్టరు చెప్పి ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి పంపాడు.

ఈలోగా దుకాణం మీద మూడు తలకట్లు, రెండు దీర్ఘాలు లేని అక్షరాలు అలాగే ఉండిపోయాయి.

"జనం బోర్డు చూసి, తమ కళ్లకే ఏదో అయిందని లోపలికొచ్చి పరీక్ష చేయించుకుంటున్నారు," అన్నాడు దుకాణదారు. "బేరం బాగానే ఉంది గానీ పరువు పోతోందండీ. వచ్చే నెలాఖరు దాకా చూస్తాను. తర్వాత ఫ్లెక్సీ కట్టేస్తా."

బావకు భయం పట్టుకుంది. చెయ్యి తల దాటి లేవకపోతే ఇక స్కూటర్ల నంబరు ప్లేట్లు రాసుకుంటూ కూర్చోవాలి. ఆ భయాన్ని పైకి చెప్పడు. కాఫీలో పంచదార తగ్గిందని మా అక్క మీద అరుస్తాడు, అబ్బా అమ్మా అని మూలుగుతాడు.

"తలకట్ల సంగతేమో గానీ, దీర్ఘాలు మాత్రం బాగా తీస్తున్నారు," అంది అక్క.

గడ్డం లోపలికి లాగి పట్టడం, భుజాలు వెనక్కి దగ్గరగా తేవడం నేర్పాక, ఫిజియోథెరపీ అమ్మాయి మూడో వ్యాయామం చెప్పింది. "గోడ మీద వేళ్లు పాకించుకుంటూ చెయ్యి పైకి తీసుకెళ్లండి. నొప్పి మొదలయ్యే చోట ఆగి, అక్కడ ఒక గీత పెట్టుకోండి. రోజూ పది సార్లు."

గీత అన్న మాటొక్కటే బావ చెవికెక్కింది. ఇంటికి రాగానే దారం తీసి, తలకట్టు ఎంత ఎత్తులో పెట్టాలో హాలు గోడ మీద అంత ఎత్తున నీలం గీత కొట్టాడు. పళ్లు బిగించి దాన్ని అందుకున్నాడు కూడా. తర్వాత మూడు రోజులు మంచం దిగలేదు.

విషయం విని ఆ అమ్మాయి ముందు నవ్వింది, తర్వాత మందలించింది. "మీ పనిలో గీత ముందు, చెయ్యి తర్వాత. ఇక్కడ చెయ్యి ముందండీ. అదెక్కడ ఆగితే అక్కడే గీత."

ఈసారి పెన్సిల్ గీత స్విచ్‌బోర్డు పక్కన పడింది. బావ దాన్ని చూసి సిగ్గుపడ్డాడు. అయినా పొద్దునా సాయంత్రమూ మానలేదు. అక్క కూరలు తరుగుతూ వంటింట్లోంచి అంకెలు చెప్పేది. ఆయన పడే బాధ చూడలేక ఎనిమిది తర్వాత పది అనేసేది. గీతలు రెండు వేళ్లు పైకెళ్లేవి, ఒక వేలు దిగేవి. దిగిన రోజున కాఫీలో పంచదార మళ్లీ తగ్గేది. ఐదో వారానికి గోడ గడియారం దాటాయి. ఒక పొద్దున అక్క "ఎనిమిది... పది" అనగానే బావ గోడ మీంచి చెయ్యి తియ్యకుండానే, "తొమ్మిదేదీ?" అన్నాడు. అక్క కత్తి పక్కన పెట్టి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలంది గానీ, అక్కడున్నవి బెండకాయలు.

నెలాఖరున ముగ్గురం దుకాణానికి వెళ్లాం. దుకాణదారు చంకలో ఫ్లెక్సీ చుట్ట ఉంది. బావ దాని వంక చూడలేదు. నిచ్చెన ఈసారి ఇంకో మెట్టు ఎక్కాడు. పాత గీత కళ్లకు ఎదురుగా వచ్చింది. ఒక తలకట్టు పెట్టి, చెయ్యి దించి, భుజాలు వదులు చేసుకుని, మరొకటి పెట్టాడు. రెండోది పూర్తవగానే దుకాణదారు ఫ్లెక్సీ విప్పి, రంగు చుక్కలు పడకుండా నిచ్చెన కింద తిరగేసి పరిచాడు.

అయిదూ అయ్యాక బావ దిగి రోడ్డు దాటి, తల పైకెత్తి బోర్డంతా తీరిగ్గా చూసుకున్నాడు.

"మెడ ఎలా ఉందండీ?" అంది అక్క భయంభయంగా.

"ఏ మెడ?" అన్నాడు బావ, తల దించకుండానే.